వెనక్కి తిరిగిన నాబ్

విమానం కెప్టెన్ గారి భార్య డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుని, చేతిసంచీని ఒళ్లో అదిమిపట్టుకుంది. మంచినీళ్లిచ్చినా ముట్టలేదు.

"మా ఆయన్ని ఎవరో చంపాలని చూశారండీ. విమానంలో ఉన్నవాళ్లందరితో పాటు," అంది.

ఆ డిటెక్టివ్‌ని అందరూ మేడమ్ అంటారు, ఒక్క బాబాయి తప్ప. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరై, ఇంట్లో పొద్దుపోక అన్నకూతురి దగ్గర అసిస్టెంటుగా చేరాడు. ఆమె తెలివితేటల గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పడమే ఆయన అసలు ఉద్యోగం.

జరిగింది ఇదీ. కిందటి వారం జోరువానలో విమానం దిగుతోంది. రన్‌వే ఇంకా చాలా దూరం ఉండగానే, నేల దగ్గరైపోయిందని హెచ్చరిక మోగింది. కోపైలట్ చటుక్కున విమానం ముక్కు పైకెత్తాడు. వెంట్రుకవాసిలో గండం తప్పింది. ఎత్తు చూపించే మీటర్లు ఉన్నదానికన్నా ఆరువందల అడుగులు ఎక్కువ చూపించాయి. ఆ మీటరు గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెబుతుంది. పైన ఎగిరేటప్పుడు అన్ని విమానాలకూ ఒకటే అంకె. దిగే ముందు మాత్రం ఆ ఊరి ఒత్తిడికి తగ్గట్టు నాబ్ తిప్పుకోవాలి. పైలట్లిద్దరికీ చెరో మీటరు, చెరో నాబ్.

"మా ఆయన నాబ్ తిప్పలేదు. ఆ వానలో చేతినిండా పని, గుర్తుచెయ్యాల్సింది పక్కవాడేనంటారు. ఆ కోపైలట్ మాత్రం తన నాబ్ సరిగ్గా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పేశాడు. రికార్డులో ఉంది. ఎందుకని అడిగితే నోరు విప్పడు. రేపు లైసెన్సు తీసేసి పోలీసులకి అప్పజెబుతారట."

"మరి నా దగ్గరికెందుకు వచ్చారు?"

"వాడు మా ఆయన శిష్యుడండీ. మా ఇంట్లో పిల్లాడిలా తిరిగాడు. వాడి వెనక ఎవరున్నారో కనుక్కోండి." చేతిసంచీ జిప్పు లాగుతూ, "ఆ రోజు నుంచీ ఆయన నా మొహంలోకి చూడట్లేదు," అంది.

విమాన సంస్థ ఆఫీసులో, పైలట్లకు డ్యూటీలు వేసే ఆఫీసరు కాక్‌పిట్ టేపు వినిపించాడు.

"సార్, ఎత్తు సరిచూద్దామా?" అది కోపైలట్ గొంతు. జవాబు లేదు. "సార్, ఎత్తు." చాలాసేపటికి కెప్టెన్ గొంతు బొంగురుగా వినిపించింది. "ఆఁ... మూడు వేలు." మళ్లీ నిశ్శబ్దం. తర్వాత, "సరే సార్."

"ఆ నిశ్శబ్దంలోనే నాబ్ వెనక్కి తిరిగింది," అన్నాడు ఆఫీసరు.

"రెండుసార్లు అడగాల్సి వచ్చిందేం?" అంది డిటెక్టివ్.

"టవర్ వాళ్లు మాట్లాడుతుంటే వినపడి ఉండదు."

"టేపులో టవర్ ఊసే లేదే. సరే, ఎత్తు సరిచూడ్డమంటే ఏం చేస్తారు?"

"ఒకరు తన మీటరు చూసి అంకె చెబుతారు. రెండోవాళ్లు తమ అంకె చెబుతారు. రెండూ కలవాలి."

"ఆ రోజు కెప్టెన్‌కి డ్యూటీ ఉందా?"

ఆఫీసరు ఫ్యాను వైపు చూశాడు. "రాత్రంతా ఎగిరి తెల్లారి ఇంటికెళ్లారు. పడుకోవాల్సిన రోజే. మనుషులు చాలక నేనే ఫోన్ చేశాను. ఆయన ఎప్పుడూ కాదనరండీ."

"ఎన్నిసార్లు చేశారు?"

"ఒప్పుకునేదాకా."

బయటికొచ్చాక బాబాయి అన్నాడు, "విమానం కూల్చాలనుకున్నవాడు ముక్కెందుకు ఎత్తాడమ్మాయీ?"

"అదే నాకూ మింగుడుపడట్లేదు బాబాయ్."

"నా క్లాసులోనూ ఉండేవారు ఇలాంటి వింత మేళాలు. లెక్క సరిగ్గానే చేస్తారు. పక్కన ఫస్టు మార్కులవాడి పలకలోకి తొంగిచూసి, తమది చెరిపేసుకుంటారు."

ఆమె ఠక్కున ఆగిపోయింది. "బాబాయ్, కేసు తేల్చేశావు."

ఏం తేల్చాడో ఆయనకు బోధపడలేదు గానీ, ఛాతీ విరుచుకునే నడిచాడు.

మర్నాడు ఉదయం కెప్టెన్ ఇంటి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. కోపైలట్ మాత్రం తలుపు దగ్గరే నిలబడ్డాడు. గురువుగారి ఎదుట అతనెప్పుడూ కూర్చోడు.

"ఇందులో కుట్ర లేదు," అంది డిటెక్టివ్. "కోపైలట్ మీటరు రెండు వేల నాలుగువందలు చూపిస్తోంది. అదే నిజం. గురువుగారు మూడు వేలన్నారు. అప్పుడు ఇతను తన అంకె చెప్పాలి. చెప్పలేదు, సరే సార్ అన్నాడు. తన మీటరు ఆయన అంకె చూపించేదాకా నాబ్ వెనక్కి తిప్పుకున్నాడు. అంతే కదా బాబూ?"

"సార్ తప్పు చెబుతారని నాకు తోచలేదండీ. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి. పొరపాటు నాదే అనుకున్నాను."

"మరి మొదటిసారి పిలిస్తే ఆయన ఎందుకు పలకలేదు?"

అతను నేల చూపులు చూశాడు.

"చెప్పకపోతే ఇవాళే మీ లైసెన్సు పోతుంది."

"పోనివ్వండి."

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"నిద్రపోయాను," అన్నాడు. "కునుకు కాదు, నిద్రే. ఉలిక్కిపడి లేచి, కళ్లముందున్న అంకె చదివాను. వీడు ముక్కెత్తకపోతే ఎవరమూ మిగిలేవాళ్లం కాదు. అది తెలిసీ నేరం వీడి మీదికి పోనిచ్చాను. ఇన్నాళ్ల పేరు పోతుందని."

ఆయన భార్య కన్నీళ్లు పెట్టలేదు. కోపైలట్ వైపు తిరిగి, "నీ వెనక డిటెక్టివ్‌ని పెట్టింది నేనే నాయనా," అంది.

"నిద్ర చెడగొట్టింది నేను," అన్నాడు ఆఫీసరు ఎవరూ అడక్కుండానే. "అది రాసిస్తాను. కావాలని చేశాడన్న ఆరోపణ కొట్టేయిస్తాను."

"ఇక్కడే రాయండి," అని బాబాయి కలం అందించాడు. అన్నకూతుర్ని పొగడాలన్న సంగతే ఆ పూట ఆయనకు గుర్తురాలేదు.

కెప్టెన్ శిష్యుడి ముందుకొచ్చి ఆగాడు. "పక్కనే ఉన్నావు కదరా. భుజం పట్టుకుని కుదిపితే లేచేవాణ్ణి. ఎందుకు లేపలేదు?"

కోపైలట్ తలెత్తలేదు.

"లేపితే మీరు సిగ్గుపడతారని, సార్."