కోసి చూడని కవాటాలు

ఉదయం నుంచి వకుళ ముప్పై ఆరు వైద్య వ్యాసాల వేళ్ళు వెదికింది. ఒక్కటీ నేలను తాకలేదు. యంత్రం రాసిన వ్యాసం మరో యంత్రం రాసినదాన్ని ఉదహరిస్తుంది, అది ఇంకోదాన్ని. ఎక్కడో ఒకచోట మనిషి చేతులతో చేసిన ప్రయోగం ఉండాలి. దాన్ని పట్టుకోవడమే మూలశోధన కేంద్రంలో ఆమె ఉద్యోగం.

చెవిలోని ఫోనులో మళ్ళీ ఆసుపత్రి నుంచి డాక్టర్ దివాకర్ గొంతు. "దొరికిందా మేడం? పాప పెదాలు నీలంగా అయిపోతున్నాయి."

పాపకు పదకొండేళ్ళు. రెండు నెలల కిందట గుండెలో అమర్చిన, పట్టుదారాలతో నేసిన కవాటం సున్నంలా గట్టిపడుతోంది. తీసేయాలని డాక్టరుకు తెలుసు. కానీ వ్యాసాలన్నీ తూచి చికిత్సలకు అనుమతిచ్చే యంత్రం, సాక్షివృక్షం, పట్టుకవాటం గట్టిపడదని అంటోంది. వృక్షం ఒప్పుకోనిదే ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకోదు. ఆ మాటకు మూలం లేదని తేలితేనే డాక్టరు కళ్ళారా చూసినదానికి విలువ.

"పది నిమిషాలు ఆగండి."

"నేను ఆగుతానండీ, పాప ఆగాలి కదా!"

ముప్పై ఏడో వేరు నేలను తాకింది. ఇరవై రెండేళ్ళ నాటి ప్రయోగం. పన్నెండు గొర్రెలు, తొంభై రోజులు, గట్టిపడిన జాడ లేదు. కింద పరిశీలకురాలి పేరు: వకుళ.

ఆమెకు గుర్తుంది. ఆ గొర్రెలు అరవై ఒకటో రోజుకే చచ్చిపోయాయి. కొట్టంలో ఏదో జబ్బు వచ్చిందనుకుని, కవాటాలు కోసి చూడకుండానే పాతిపెట్టారు. "మిగతా నెల అంకెలు నువ్వే వేసెయ్యమ్మా, గడువు రేపే" అన్నాడు గైడు. వేసేసింది. ఇవాళ ఆ అంకెల మీద నాలుగు వేల వ్యాసాలు, తొమ్మిది వేల గుండెలు నిలబడి ఉన్నాయి.

మూలం చెల్లదని గుర్తు పెట్టింది. వృక్షం అడిగింది: "సాక్షి ఎవరు? సాక్షి లేని అభ్యంతరం కొట్టివేయబడుతుంది."

ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. జైలు కూడా తప్పకపోవచ్చు. అంతకన్నా, ఆ తొమ్మిది వేలమందిలో ఎంతమంది ఇప్పటికే...

వకుళ టైపు చేసింది: "నేనే. చూడలేదు. చూసినట్టు రాశాను." వేలిముద్ర వేసింది.

నాలుగు వేల వ్యాసాలు తెర మీద వరసగా ఆరిపోయాయి. రాష్ట్రమంతటా పట్టుకవాటాలు అమర్చే ఆపరేషన్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"తలుపు తెరుచుకుంది మేడం!" దివాకర్ రొప్పుతూ అన్నాడు. పాపను లోపలికి తోస్తున్న చక్రాల చప్పుడు వినబడింది. "మరి మిగతావాళ్ళ సంగతేంటి?"

కవాటాలున్న వాళ్ళందరికీ వృక్షం కబురు పంపినట్టుంది, అప్పటికే కేంద్రంలోని ఫోన్లన్నీ మోగుతున్నాయి. ఆమె మొదటిది ఎత్తింది.

"చెప్పండమ్మా, మీకు కవాటం ఎప్పుడు పెట్టారు?"