అమ్మ పేరు మీద

"ఒక్క వేలిముద్ర దుర్గా... ఒక్కటంటే ఒక్కటి! అమ్మ చేత వేయించుకోని రా. నీ కాళ్లు మొక్కుతా!"

ఇరవై ఆరేళ్ల కాపురంలో భర్త తన ముందు చేతులు జోడించడం లక్ష్మీదుర్గ ఎన్నడూ చూడలేదు. కల్లూరులో కట్టుకున్న ఆ మూడంతస్తుల ఇంట్లో మూడు రోజులుగా కిటికీ తెరలు తీసింది లేదు, పొయ్యి సరిగ్గా వెలిగించింది లేదు. టీవీ పెడితే చాలు... ఆ దీవి పేరు, ఆ దొంగ కంపెనీల జాబితా, ఆ జాబితాలో తమ ఇంటి మనిషి పేరు! ఎక్కడో సముద్రాల అవతల ఒక లాయరు ఆఫీసులోంచి లక్షల కాగితాలు బయటపడ్డాయట. పన్ను ఎగ్గొట్టి ఆ దీవి కంపెనీల్లో డబ్బు దాచుకున్న పెద్దమనుషులందరి గుట్టూ అందులో ఉందట. ఆ జాబితాలో ఎందరెందరో కోటీశ్వరుల పేర్లున్నా, కర్నూలు జిల్లా అంతా చెప్పుకొని నవ్వుకుంటున్నది మాత్రం ఒక్క పేరే... 'కోడుమూరు బసమ్మ హోల్డింగ్స్'!

బసమ్మ అంటే లక్ష్మీదుర్గ భర్త ఉమామహేశ్వరను కన్నతల్లి. కోడుమూరు మగ్గాల వీధిలో ఎనభై ఏళ్ల వయసులోనూ మగ్గం ముందు కూర్చునే మనిషి. ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మగ్గం దించినా, బోరు వేసినా, ఆటో కొన్నా దానికి ఇంటి పెద్దామె పేరే పెట్టాలి. లేకపోతే కలిసిరాదు! నేత ఇంట్లో పుట్టి విదేశాలకు చీరలు పంపే స్థాయికి ఎదిగిన ఉమామహేశ్వర ఆ ఆనవాయితీ ఏనాడూ తప్పలేదు. దుకాణానికి బసమ్మ పేరే, గోడౌనుకూ బసమ్మ పేరే. "ఏదో ఒక ఇంగ్లీషు పేరు పెట్టుకోండి సార్, ఎవరి కంటా పడదు" అని ఆడిటరు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. విడ్డూరం కాకపోతే ఏమిటి! దొంగసొత్తుకు కూడా అమ్మ దీవెన కావలసి వచ్చింది మహానుభావుడికి!

"కంపెనీ అమ్మ పేరు మీదే ఉండాది గదా," అన్నాడు ఉమామహేశ్వర, ఎటో చూస్తూ. "అదంతా అమ్మదే, నాకేం తెల్దని ఆడిటరు కాగితం రాసిచ్చినాడు. ఎనభై ఏండ్ల మనిషిని ఎవురేం చేస్తారు? కేసు నాలుగేండ్లు సాగుతాది... అంతలోపల..."

అంతలోపల ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"ఆ మాటేదో మీరే పోయి అడగండి!"

"నా మొగం చూస్తే అమ్మకు తెలిసిపోతాది. నీ మాటైతే కాదనదు." మెల్లగా అన్నాడు. "అందులో నీ సంతకం గూడా ఉండాది దుర్గా... నేను జైలుకు పోతే నువ్వూ రావాల్సి వస్తాది."

నిజమే! మూడేళ్ల కిందట దుబాయ్‌లో, హోటల్ గదిలో, అద్దం ముందు తల దువ్వుకుంటూ ఉంటే ఆయన కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టాడు. "ఎక్కడ పెట్టాలి?" అని మాత్రం అడిగింది తను. ఏమిటివి అని అడగలేదు. ఆ సాయంత్రమే వజ్రాల కమ్మలు కొనిపెట్టాడు. అవే ఇప్పుడూ చెవులకున్నాయి.

కారులో పోతే గుర్తుపడతారని బస్సెక్కింది. ఎక్కకపోయినా బాగుండేది! పక్కసీట్లో ఎండుమిరపకాయల మూట ఒళ్లో పెట్టుకున్న ఒకామె అప్పటికే అందుకుంది. "అగ్గిపెట్టె కొన్యా పన్నే, బిస్కెట్ పొట్లం కొన్యా పన్నే! మనం నోరు మూసుకోని కడతాండాం గదా! ఈ పెద్దోళ్లకేం రోగం?" వెనకనుంచి ఇంకెవరో, "తల్లి పేరు అమ్ముకున్యోడు రేపు తల్లినే అమ్ముతాడులే అక్కా!" అన్నారు. బస్సంతా ఒకటే నవ్వులు. మిరపకాయలామె ఇటు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అని అడిగింది.

"అవునమ్మా... శానా తప్పు," అంది లక్ష్మీదుర్గ, కొంగు చెవుల మీదికి లాక్కుంటూ. కోడుమూరు వచ్చేదాకా కిటికీలోంచి చూపు తిప్పలేదు. అవమానం ఇంత వేడిగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

మగ్గాల వీధి మలుపు తిరిగేసరికి అత్తగారు గుమ్మంలోనే కనిపించింది. చేటలో పుట్నాలపప్పులు, బెల్లం. వచ్చేపోయే ప్రతివాళ్ల చేతిలో ఇంత పెడుతోంది!

"వచ్చినావా దుర్గా! రా రా! నా పేరు పేపర్లో పడిందంట గదే! టీవీలో గూడా చెప్పినారంట! ఊరి పేరుతో సహా! నీ మామ బతికుంటే ఎంత మురిసిపోవునో..." ఆ బోసినోటి నవ్వు చూడగానే లక్ష్మీదుర్గ కాగితమున్న సంచిని వెనక్కి దాచుకుంది. "ఏం రామలింగా, అట్ల చూస్తాండావు? తీసుకో నాయనా, తీసుకో!"

ఎదురింటి రామలింగప్ప చెయ్యి చాపాడు. ముప్పై ఏళ్లుగా ఉమామహేశ్వరకు చీరలు నేసిపెడుతున్న మనిషి. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు, తలెత్తలేదు. బసమ్మ చెంబుతో నీళ్లు తేవడానికి లోపలికి పోయాక నెమ్మదిగా అన్నాడు.

"ఎవురం చెప్పలేదమ్మా. పెద్దమ్మకు చెప్పగూడదని వీధంతా అనుకున్యాం. పేరెందుకు పడిందో చెప్పేకి నోరు రాలే." కాసేపు అరచేతిలో మిగిలిన పప్పుల్ని చూస్తూ నిలబడ్డాడు. "సరుకు కొనేటోళ్లు ధర తగ్గించినారు, కూలి పెంచలేనని మూడేండ్లుగా చెప్తాండె మీ ఆయప్ప. ఆ దుడ్లు ఆడ దీవిలో ఉండాయంట గదమ్మా... నిజమేనా?"

తిట్టినా బాగుండేది! ఆ గొంతులో కోపమన్నది లేదు. లక్ష్మీదుర్గ గబగబా లోపలికి నడిచింది.

గోడ మీద మగ్గం పక్కనే పేపరు ముక్క అతికించి ఉంది. చదువు రాని బసమ్మ, తన పేరు ఏ అక్షరాల్లో ఉందో ఎవరినో అడిగి, సరిగ్గా అక్కడ కుంకుమ బొట్టు పెట్టుకుంది! లక్ష్మీదుర్గ కళ్లు తిప్పుకొని సంచిలోంచి కాగితం తీసింది.

"మీ ఆయన పంపినాడా? వాడు పంపినాడంటే ఏదో మంచికే." బసమ్మ అప్పటికే బొటనవేలు చాపేసింది. "యాడ పెట్టాల?"

యాడ పెట్టాల! దుబాయ్ హోటల్లో తను అడిగిందీ ఆ మాటే కదా! తన వెనక కమ్మల ఆశ ఉంది, ఈ తల్లి వెనక బిడ్డ మీద నమ్మకం తప్ప ఏముంది? లక్ష్మీదుర్గ ఆ ముడతల చేతిని రెండు చేతులా పట్టుకొని భోరుమంది. "వద్దత్తా! పెట్టద్దు! నేను పాపిష్టిదాన్ని... నీ పేరు పడింది గొప్పకు కాదత్తా..." అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పేసింది. దీవి, డబ్బు, ఎగ్గొట్టిన పన్ను, పెంచని కూలి, తన సంతకం, మూడు రోజులుగా వెలగని పొయ్యి, చివరికి ఈ కాగితం... అన్నీ!

బసమ్మ లేచి గోడ దగ్గరికి పోయింది. కొంగుతో ఆ కుంకుమ బొట్టు తుడవబోయింది. అది పోలేదు, పేరంతా ఎర్రగా అలుక్కుపోయింది.

"నేను బెల్లం పంచితినే..." అంది, తనలో తాను మాట్లాడుకుంటున్నట్లు. "పిలిచి పిలిచి పంచితినే దుర్గా! వాళ్లు తినిరే... రామలింగ తిన్యాడు... ఒక్క మాట అనకుండా తిన్యాడే!" అప్పుడు ఏడ్చింది ముసలమ్మ, మొహం గోడకు ఆనించుకొని. ఆ ఏడుపు విని రామలింగప్ప పరుగున లోపలికి వచ్చాడు.

"రాయి," అంది బసమ్మ కళ్లు తుడుచుకొని. "ఆ కాగితం వెనక్కి తిప్పి రాయి. నాకేం తెల్దని, పేరు పెట్టింది నా కొడుకని."

"అత్తా! ఆయన జైలుకు పోతాడత్తా!"

"నీ పేరు గూడా రాసుకో."

రామలింగప్ప అడ్డం వచ్చాడు. "వద్దు పెద్దమ్మా! మా కూలి సంగతి మేం చూసుకుంటాంలే! కన్నబిడ్డను పట్టియ్యద్దు! నీకు దండం పెడతా!"

"నువ్వు తిన్న బెల్లం నా గొంతుకు అడ్డం పడింది రామలింగా... పక్కకు జరుగు."

లక్ష్మీదుర్గ రాసింది. 'సంతకాలు చేసినది నేను, ఆయన భార్యను' అని కూడా చేర్చింది. కింద తన పేరు పెట్టింది. బసమ్మ వేలిముద్ర వేసింది. వేసినాక ఆ వేలి వంక చూసుకుంటూ, "వాణ్ణి కన్నప్పుడు మూడు దినాలు నొప్పులు పడినా," అంది. "ఇంత నొప్పి లేకుండె."

పొయ్యి దగ్గర కూర్చుని కొర్రబియ్యం కడుగుతూ ఉన్నట్టుండి తలెత్తింది. "మూడు దినాలుగా పొయ్యే వెలగలేదంటివే... వాడు తిన్యాడో లేదో ఫోన్ చేసి అడుగు."

మొదటి రింగుకే ఎత్తాడు ఉమామహేశ్వర. "వేసిందా?"

"వేసింది."

ఫోన్లో పెద్ద నిట్టూర్పు! "అమ్మయ్య! గండం గడిచింది దుర్గా!"

"నిజం కింద వేసిందండీ. నేనే రాసినా. మీ పేరు, నా పేరు... రెండూ రాసినా."

ఆమె కళ్లు మూసుకొని తిట్ల కోసం ఎదురుచూసింది. అవతలినుంచి పసిపిల్లవాడి గొంతులా వచ్చింది ఒక్క మాట.

"అమ్మ ఏమనింది?"

"మీరు తిన్యారో లేదో అడగమనింది."

అంతే! ఏ కట్ట తెగిందో గానీ, చీరల వ్యాపారి ఉమామహేశ్వర వెక్కి వెక్కి ఏడ్వడం పొయ్యి దాకా వినిపించింది. బసమ్మ చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయింది.

"ఏమంటాండాడు?"

"వస్తానంటాండాడత్తా. నీ దగ్గరికి వచ్చి, ఆ కాగితం తానే తీస్కపోయి పన్ను ఆఫీసులో ఇచ్చి వస్తాడంట. నేనూ పోతాను."

"రానీ," అంది బసమ్మ. ఇంకో పిడికెడు కొర్రబియ్యం తీసి గిన్నెలో వేసింది. "రామలింగను గూడా భోంచేసిపోమని చెప్పు. నా కొడుకు వచ్చి ఈయప్ప పక్కనే కూచ్చోని తినాల."