అవతలి ఒడ్డు మట్టి

అట్ల కాదు బిడ్డా, ఆ ముక్క కొట్టెయ్యి. ‘నేను ఉరికిన’ అని రాయకు. ‘ఇస్తారి’ అని రాయి.

ఎందుకంటవా? ‘నేను’ అంటె నోరు రాదు లచ్చిమీ. వాడెవడో వేరే మనిషి అనుకుంటెనే చెప్పొస్తది. నువ్వు పంతులమ్మవు, మీ బడి తెలుగుల రాసుకో. మనుషులు మాట్లాడినకాడ మాత్రం మన మాటనే ఉండనియ్యి.

నేను మెల్లగనే చెప్తా. వాడు మాత్రం ఆ దినం మెల్లగ ఉరకలే.

రాయి.

*

జొన్నచేను.

మనిషెత్తు పైరు. ఆకులు ముఖాన్ని కోస్తున్నాయి.

ఇస్తారి పరుగెడుతున్నాడు.

వెనక ఏ చప్పుడూ లేదు... అదే భయం.

దుబ్బయ్యవి కిర్రు చెప్పులు. నడిస్తే ఊరంతా వినబడతాయి. ఇప్పుడు వినబడటం లేదంటే తప్పిపోయాడా? లేక చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడా?

దుబ్బయ్య దొర కొత్తగా తెచ్చుకున్న మనిషి. అక్కన్నపేట వైపు వాడు. భుజాన ఎప్పుడూ తుపాకీ ఉంటుంది.

పొద్దు వాలుతోంది. మధ్యాహ్నం సిద్దిపేటలో బస్సు దిగిన మనిషి ఈపాటికి వాగు దగ్గరికి వస్తుంటాడు. వాగు దాటితే గూడెం.

దాటకముందే ఆపాలి.

ఆ మనిషి పేరు భూమయ్య. ఇస్తారి అక్క ఐలవ్వకు మొగుడు.

గూడెం లెక్కలో అతను చచ్చిపోయి ఏడు నెలలయింది.

చంపింది ఇస్తారి.

ఒక్క అబద్ధంతో.

*

పోలీసు యాక్షన్ అయింది. పారిపోయిన దొర తిరిగి వచ్చాడు. వెట్టి కూడా తిరిగి వచ్చింది.

గూడెంలో పద్దెనిమిది ఇళ్లు. ఎవరికీ సెంటు భూమి లేదు.

అప్పుడు వచ్చింది ఆ కబురు. సముద్రంలో ఒక దీవి ఉందట. అండమాను. అడవి కొట్టుకున్న వాళ్లకు సర్కారు భూమి ఇస్తుందట. ఏడాది పొడుగునా వానలట. కొబ్బరి చెట్లట.

దొర లేడట.

ఆ చివరి మాట దగ్గర పద్దెనిమిది ఇళ్లూ నిద్రపోలేదు.

అందరూ ఇస్తారి తల్లి పోచవ్వ ముఖం చూశారు. ఏ చేనిలో ఏం పండుతుందో చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని చెప్పే మనిషి ఆమె. బావి తవ్వాలన్నా, కొత్త చెలక దున్నాలన్నా ముందు ఆమె నోట్లో మట్టి పడాల్సిందే.

“మాటలు ఎవ్వలన్న చెప్తరు,” అంది పోచవ్వ. “ఇద్దరు పోండ్రి. గా దీవి మట్టి మూట కట్టుకొని రాండ్రి. నోట్లె ఏసుకున్నంకనే చెప్త, పిల్లల్ని తీస్కొని పోవాల్నా వద్దా.”

కొడుకును పంపింది. అల్లుడిని పంపింది.

శివరాత్రి వెళ్లిన వారంలో ఇద్దరూ మద్రాసు రేవులో నిలబడ్డారు.

ఎదురుగా సముద్రం.

“బావా... అవతలి ఒడ్డేది?”

“లేదు.”

“ఒడ్డు లేని నీళ్లుంటయా?”

“నువ్వు మనూరి చెర్వుకే చెంబు తీస్కపోయి గట్టు మీద తానం చేసినోనివి,” భూమయ్య నవ్వాడు. “కండ్లు మూసుకొని ఎక్కు. దిగినంక తెరువు.”

ఇస్తారి ఓడ మెట్లు నాలుగు ఎక్కాడు.

కింద నల్లటి నీళ్లు ఊగుతున్నాయి.

అయిదో మెట్టు ఎక్కలేదు.

వెనక్కి దిగాడు. దిగి పరుగెత్తాడు. ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిచారు. ఆగలేదు.

భూమయ్య ఒక్కడే వెళ్లాడు.

*

గూడేనికి ఒక్కడే తిరిగి వచ్చిన ఇస్తారి ముందు పద్దెనిమిది ఇళ్లూ కూర్చున్నాయి.

భయపడి దిగానని చెప్పాలి. ఒక్క మాట.

నోరు తెరిచాడు. వేరే మాట వచ్చింది.

దీవి చూశానన్నాడు. అంతా ఉప్పు నేల అన్నాడు. గింజ మొలవదన్నాడు. జ్వరాలన్నాడు. భూమయ్య జ్వరంతో పోయాడన్నాడు.

ఐలవ్వ ఏడవలేదు. “యాడ బొందవెట్టినవ్ తమ్మీ?” అని అడిగింది.

“సముద్రంలనే... ఇడిసిపెట్టిన్రు అక్కా.”

పదో రోజు ఆమె గాజులు పగలగొట్టారు. రెండేళ్ల కూతురు కనకవ్వ ఆ గాజుపెంకులు ఏరుకుంటుంటే ఇస్తారే ఎత్తుకుని పక్కకు తీసుకుపోయాడు.

పోచవ్వ ఒక్కటే అడిగింది.

“మట్టేదిరా?”

“ఉప్పుమట్టి అవ్వా. పారేసిన.”

“ఉప్పుదైతె ఉప్పుదే తేవాలె గదరా.”

కొడుకు ముఖం చాలాసేపు చూసింది. మళ్లీ అడగలేదు.

ఎవరూ దీవికి వెళ్లలేదు. దొరకు పనివాళ్లు మిగిలారు. దొర సంతోషించాడు. ఇస్తారిని వెట్టి నుంచి తప్పించి తాను ఉండే గడీ దర్వాజా దగ్గర కూర్చోబెట్టాడు.

నీడపట్టున ఉద్యోగం.

ఏడు నెలలు.

నాలుగు రోజుల కింద, కార్డు వచ్చింది.

*

టపా మనిషి కార్డు ఇస్తారి చేతిలోనే పెట్టాడు.

గూడెంలో ఎవరికీ చదువు రాదు. చావు కబురైనా, పెళ్లి కబురైనా, గడీకి తీసుకుపోవాలి. గుమస్తా కాశీనాథం చదివి వినిపించాలి. తాతల నాటి నుంచి అంతే. కాళ్లకు అదొక్కటే తోవ తెలుసు.

ఇస్తారి కాళ్లూ గడీకే నడిచాయి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కాశీనాథం కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

“ఇస్తారికి... నీ బావ భూమయ్య రాయించునది.”

ఇస్తారి గోడ పట్టుకున్నాడు.

“ఏమైందిరా? నీ బావ సచ్చిపోయిండంటివి గద?” కాశీనాథం అద్దాల పైనుంచి చూశాడు. మళ్లీ చదివాడు. “నేను దీవి చూసి వచ్చినాను. మట్టి తెస్తున్నాను. తియ్యటి మట్టి. మన పద్దెనిమిది ఇండ్లకు జాగ చూసిపెట్టినాను. వచ్చే బేస్తారం సిద్దిపేటలో బస్సు దిగి నడిచి వస్తాను...”

ఆగాడు.

కళ్లు ఇంకా కార్డు మీద కదులుతున్నాయి. పెదవులు కదలలేదు.

“ఇంకేమున్నది పంతులూ?”

“ఇంకేమున్నదిరా? అంతే.”

కార్డు తిరిగి ఇస్తారి చేతిలో పెట్టాడు.

“ఇగ వాడొస్తడు. నువ్వు ఓడ దిగి పారిపోయినవని పదిమందిల చెప్తడు. మీ అక్క గాజులు ఎవడు పగలగొట్టిచ్చిండో చెప్తడు. ఏం చేస్తవ్?”

కాశీనాథం కళ్లద్దాలు తీశాడు.

“నువ్వేం చెయ్యకు. దుబ్బయ్యకు వాని మొఖం ఎర్కలేదు. నువ్వు చూపియ్యి. గంతే.”

ఇస్తారి తల ఊపాడు.

లచ్చిమీ... గట్లనే రాయి. తల ఊపిండు.

*

చేను అయిపోయింది. తుంగ మొదలైంది.

మధ్యాహ్నం నుంచి దుబ్బయ్య వదల్లేదు. చేను గట్టు మీద పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. చివరికి తుపాకీ కింద పెట్టి, చుట్ట ముట్టించుకోవడానికి గాలికి వీపు తిప్పాడు.

అప్పుడు ఉరికాడు ఇస్తారి.

ఎందుకు ఉరికాడో వాడికే తెలియదు. బావను ఆపడానికి... అవును. ఆపి, పంపేయడానికి. బావ బతకాలి.

కానీ గూడేనికి రాకూడదు.

ఈ రెండింటిలో ఏది ముందు పుట్టిందో ఇస్తారి ఆనాడు తేల్చుకోలేదు.

వాగు.

వానలకు నిండి పారుతోంది. రొమ్ము లోతు. అవతలి ఒడ్డు ఇరవై బారలు.

ఆ ఒడ్డు మీద మనుషులు.

ముగ్గురు.

ఒకడి కావడికి కల్లు కుండలు. ఒకడి మెడ మీద మేకపిల్ల. మూడోవాడికి గడ్డం, తలకు తువ్వాల.

ముగ్గురూ నల్లగా, సన్నగా, మోకాళ్ల మీదికి ధోవతి కట్టి ఉన్నారు. ఎవరు ఎవరో కొత్తవాడికి తెలియదు.

ఇస్తారికి తెలుసు. గడ్డం మనిషి ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తున్నాడు. ఏనాడో ఎద్దు పొడిచిన కాలు.

బావ...

బతికే ఉన్నాడు.

ఇస్తారి నీళ్లలో కాలు పెట్టాడు.

చల్లగా లాగింది. కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఇరవై బారలు. దాటితే చాలు. చెవిలో చెబితే చాలు. ముగ్గురిలో భూమయ్య ఎవరో దుబ్బయ్యకు తెలియదు. ఆ ఇద్దరితోపాటు బావ కూడా వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు.

మళ్లీ కాలు పెట్టాడు. మోకాలు దాకా.

రేవు గుర్తొచ్చింది. నల్లటి నీళ్లు. నాలుగు మెట్లు.

వెనక్కి వచ్చేశాడు.

ఒడ్డు మీద నిలబడి అరిచాడు.

“బావా! రాకు... ఎనకకు పో!”

గడ్డం మనిషి తల తిప్పాడు. మిగతా ఇద్దరూ తిప్పలేదు.

పొద్దు అతని కళ్లలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇస్తారిని పోల్చుకున్నాడు. నవ్వాడు.

“ఎవలూ, బామ్మర్దా? ఏందిరా ఒడ్డు మీదనే నిలవడ్డవ్? చెంబు మర్చిపోయినవా?”

“రాకు బావా! ఎనకకు పో!”

“నీళ్ల సప్పుడుకు ఇనవడ్తలేదు. ఆగు. నువ్వు దిగకు, నేనే వస్తున్న.”

వాగులో దిగాడు. తలకు చుట్టిన తువ్వాల విప్పాడు. దాని చెంగున చిన్న మూట. తడవకుండా చెయ్యి పైకెత్తాడు.

సగం దాకా వచ్చాడు.

“అక్క ఎట్లున్నదిరా?”

ఇస్తారి వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు.

“ఇగో, పట్టు. అత్తకియ్యి. నోట్లె ఏసుకొని చెప్పమను!”

మూట విసిరాడు.

ఇస్తారి రెండు చేతులూ చాచాడు. మూట చేతుల్లో పడింది...

ఢాం!

తుంగలో కొంగలు లేచాయి.

అవతల కల్లు కుండలు పగిలాయి. ఇద్దరు మనుషులు వచ్చిన తోవన పరుగెత్తారు.

నీళ్లలో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఉన్నాడు. ఇస్తారి వైపే చూస్తున్నాడు. ఆశ్చర్యపోయినట్టు.

తర్వాత వాగు తీసుకుపోయింది.

వెనక పది అడుగుల్లో దుబ్బయ్య. వట్టి కాళ్లు. చెప్పులు మొలలో దోపుకున్నాడు.

“నువ్వు ఉరుకుతవని నాకు ఎర్కే,” అన్నాడు. “లేకుంటె చుట్ట కోసం తుపాకి కింద వెడ్తనా? ముగ్గుర్ల ఎవ్వడా అని సూస్తున్న. మంచిగ పిలిచినవ్.”

“పోలీసోళ్లకు చెప్త...”

“ఏమని?”

దుబ్బయ్య చెప్పులు కింద పడేసి తొడుక్కున్నాడు.

“సచ్చిండని నువ్వే చెప్తివి. పదొద్దులు నువ్వే చేపిస్తివి. సచ్చినోన్ని ఎవ్వడన్న సంపుతడారా?”

కిర్రు... కిర్రు... కిర్రు...

చప్పుడు చేలో కలిసిపోయింది.

ఇస్తారి మూట విప్పాడు. నల్లమట్టి. ఒక్క చుక్క తడి తగల్లేదు. చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు.

ఉప్పు లేదు.

*

గింతే బిడ్డా. ఇస్తారి కత గింతే. ఇగ నేను చెప్త.

మట్టి మా అవ్వకు ఇయ్యలే. యాడిదిరా అంటె ఏం చెప్పాలె? ఎండకాలం రాకముందే అవ్వ పోయింది. నోట్లె ఏసుకోకుంటనే పోయింది. పద్దెనిమిది ఇండ్లు గా దొర కాళ్లకాడనే ఇంక కొన్నేండ్లు పడున్నయ్. గడీ దర్వాజకాడికి నేను మల్ల పోలే. పోకుంటె మాత్రం ఏమొస్తది.

మూట, కార్డు రేకు డబ్బల పెట్టిన. చూరుల దోపిన. ఆ కార్డు మల్ల ఎవ్వలతోని చదివిచ్చలే. దాంట్ల ఏమున్నదో నాకు ఎర్కే అనుకున్న.

నిన్న నువ్వు ఇల్లు దులుపుతుంటె డబ్బ దొరికె. “తాతా, ఇదేంది?” అని మొత్తం చదివితివి.

కాశీనాథం కండ్లతోని చదివి నోటితోని చదవని మాట... ఇంకోసారి చదువు బిడ్డా. మెల్లగ.

“నువ్వు ఓడ దిగిన సంగతి ఎవ్వరికి చెప్పను. నీకు జ్వరమొస్తే నేనే తోలిచ్చినానని చెప్పుతాను. భయపడకు బామ్మర్దీ.”

ముప్పై ఆరేండ్లు నా నెత్తి మీది చూరుల్నే ఉన్నది గా మాట.

ఐలవ్వక్క కొమురవెల్లిల కనకవ్వ కాడ ఉంటది. కండ్లు కనవడవు, చెవులు మంచిగనే ఇనవడ్తయ్. మొగడు దీవిల జ్వరమొచ్చి పోయిండనే ఇప్పటిదాక అనుకుంటది. ఇంటి ఒడ్డుకు వచ్చిండని, అక్క ఎట్లున్నదని అడిగిండని ఆమెకు తెల్వదు.

నేను పోలేను లచ్చిమీ. కాళ్లు లేక కాదు. అప్పుడు నీళ్లల్లకు దిగని కాళ్లే గివి.

నువ్వు పో. మొదలు మూట ఆమె చేతుల పెట్టు. నోట్లె ఏసుకుంటదో, నా పేరు మీద పారేస్తదో, ఆమె ఇష్టం. అటెన్క కార్డు చదువు. అటెన్క గిది మొత్తం చదువు, ఒక్క ముక్క ఇడిసిపెట్టకు.

చదివేటప్పుడు మాత్రం, ‘ఇస్తారి’ అని ఉన్నకాడల్ల, ‘నీ తమ్ముడు’ అని చదువు.