యాభై రెండు అంకెల ఊపిరి

ఆ వేసవిలో నౌపడ కోవెల వీధిలో తలుపులు తెరుచుకున్నా తెరుచుకోకపోయినా, పొద్దున్న ఏడయ్యేసరికి ఈల మాత్రం వినపడేది.

కరోనా రెండోసారి వచ్చిన కాలం. మొదటిసారి భయం టీవీలో ఉండేది. ఈసారి పక్క వీధిలో దిగింది.

"యమునగారండీ, సంచీ అందుకోండి."

యమున కిటికీ రెక్క వేలెడంత తెరిచి చూసింది. గేటు బయట ఆకుపచ్చ జెర్సీ, దాని మీద ఒకటో నంబరు, మొహానికి రెండు మాస్కులు, మెడలో ఈల. చేతిలో ఫుట్‌బాల్ గ్రౌండు మూలల్లో పాతే జెండా కర్ర. దాని కొసకి కూరగాయల సంచీ తగిలించి గేటు మీంచి లోపలికి చాపుతున్నాడు. మనిషి దగ్గరికి రాకుండా సరుకు దగ్గరికొచ్చే ఉపాయం.

పేరు త్రినాథ్. స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు వాడిది. సాయంత్రాలు ఉప్పుమళ్ళ పక్క గ్రౌండులో గోలు కాస్తాడు, అందుకే ఊళ్ళో అందరికీ గోలీ. మ్యాచ్‌లు ఆగిపోయాక, రైల్వేలో పనిచేసి రిటైరైన కోచ్ ధనరాజ్ క్లబ్బు కుర్రాళ్ళందరినీ దూరదూరంగా నిలబెట్టి, "ఇన్నాళ్ళూ బంతి కోసం పరిగెట్టారు. ఇప్పుడు ఊరి కోసం పరిగెట్టండ్రా" అన్నాడట. జెర్సీ నంబరు బట్టి వీధులు పంచాడట. బియ్యం, కూరలు, మందులు ఎవరికేం కావాలన్నా వాళ్ళే తెచ్చిచ్చేవారు. ఆ సంగతి యమునకీ నచ్చింది. నచ్చనిది ఆ తరవాతది.

"గురువుగారిని ఓసారి వరండాలోకి రమ్మనండి. లెక్క సెప్పాల."

ఈ లెక్కొకటి. మ్యాచ్‌కి ముందు ఆటగాళ్ళ దమ్ము చూడ్డానికి ధనరాజ్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గుండె నిండా గాలి పీల్చుకుని ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అంటూ పైకి లెక్కపెట్టాలి. ముప్పై దాటనివాడు ఆ రోజు ఆటలో లేనట్టే. వేలికి తొడిగి చూసే మిషన్లు క్లబ్బుకి రెండే ఉండడంతో, ఇప్పుడు ఇంటింటా పెద్దవాళ్ళచేత ఇదే చెప్పిస్తున్నారు. ముప్పై దాటితే పుస్తకంలో టిక్కు. దాటకపోతే మిషను, ఆ పైన బండి, ఆసుపత్రి.

"మా నానకేటీ లేదు. రాసుకుని ఎల్లండి" అంది యమున కిటికీలోంచే.

"మొన్నా అదే అన్నారు. నిన్నా అదే అన్నారు."

"ఇయాలా అదే అంటన్నాను. రేపూ అదే అంటాను. ఈసారి మీరే రాసుకొచ్చీండి, నాకు గొంతు కలిసొస్తాది."

మాస్కు పైన కళ్ళు నవ్వాయి. నవ్వాయని యమునకి తెలిసింది, తెలిసినందుకు ఒళ్ళు మండింది. కిటికీ మూసేసింది.

లోపల, కిటికీలు మూయించుకున్న చీకటి గదిలో జగన్నాధం దగ్గాడు. దిండు నోటికి అడ్డం పెట్టుకుని మరీ దగ్గాడు.

ఆయన కోవెలలో సన్నాయి వాయిస్తాడు. ఆయన తండ్రీ అక్కడే వాయించాడు. యమునకి తల్లి చిన్నప్పుడే పోయింది. మామ్మ తవిటమ్మే పెంచింది. పదేళ్ళ వయసు నుంచీ నాన్న పక్కన కూర్చుని శ్రుతి పెట్టె పడుతోంది. జ్వరమొచ్చి నాలుగు రోజులైనా ఈ సంగతి గడప దాటకూడదని ఆయన పట్టు. మనిషిని తీసుకుపోతారు, తిరిగొచ్చేసరికి కోవెల మెట్టు మీద ఇంకొకడు కూర్చుంటాడు, అని.

తవిటమ్మకి కొడుకు కంటే అనుమానం ఎక్కువ. తిత్లీ తుఫానుకి ఎగిరిపోయిన రేకు ఎవరి పాక మీద తేలిందో, దాన్ని మాదే అని ఎవరు దబాయించారో తేదీలతో సహా చెప్పగల మనిషి.

"ఒలే, ఆ గోలీవోడి మావ కొడుకు భావనపాడులో సన్నాయి వాయిస్తాడంట. తెలుసా నీకు?" అంది గొంతు తగ్గించి.

"అయితే ఏటి మామ్మా?"

"అయితే ఏటా? మీ నానని బండెక్కించీసి, ఆ మెట్టు మీద ఆడిని కూకోబెట్టడానికే ఈ లెక్కలన్నీ. కూరలు ఊరికినే ఎవులైనా ఇస్తారేటే? నిన్నిచ్చిన వంకాయలు సూసేవా, ఒక్కటీ పుచ్చు లేదు. అక్కడే నాకు తేడా కొట్టింది."

యమున నవ్వబోయి ఆగింది. మామ్మ మాట వినగానే వాడి కళ్ళు గుర్తొచ్చాయి. అవును, ఎప్పుడూ ఇంటి లోపలికే చూస్తాడు. మిగతా ఇళ్ళ దగ్గర నిమిషం నిలబడతాడు, ఇక్కడ పది నిమిషాలు.

మర్నాడు మామ్మ అనుమానానికి ఇంకొంచెం ఆజ్యం దొరికింది. ఎదురింటి ముందు మందుల పొట్లంతో ఏడో నంబరు భాస్కర్ కనపడ్డాడు. యమునతో పాటు చదువుకున్నవాడే.

"ఏటి భాస్కర్, మా ఈదిలోకొచ్చేవు?"

"అసలీ ఈది నాదేనే. త్రినాథ్‌గాడే బతిమాలి మార్పించుకున్నాడు. రైలు కట్ట అవతల సల్లటి ఈది ఒదులుకుని ఇక్కడెందుకురా అంటే సెప్పడు. ఆడికి ఏదో పనున్నాది ఇక్కడ."

ఏదో పనున్నాది. ఆ మాట యమున చెవిలో రోజంతా తిరిగింది. ఎంత పనో, ఎవరి పనో అనుకుంటూ అన్నంలో రెండుసార్లు ఉప్పు వేసింది.

ఆ మర్నాడు ఈల మోగగానే ఆమే తలుపు తీసింది. నాన్నని వరండాలోకి తీసుకొచ్చి నిలబెట్టింది. మొహం కడిగి, బొట్టు పెట్టి, కండువా వేసి మరీ తెచ్చింది. చూసుకో, మా నాన్నకేం తక్కువ, అన్నట్టు.

"సెప్పు నానా. ఒక్కసారి సెప్పీసి, ఈలని ఒదిలించుకుందాం."

జగన్నాధం ఊపిరి పీల్చుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. గేటు బయట త్రినాథ్ మాస్కు కూడా అంకె అంకెకీ కదులుతోంది. ఇరవై, ఇరవై ఒకటి. ముప్పై. యమున గర్వంగా వాడివంక చూసింది. ముప్పై నాలుగు దగ్గర ఆయన ఆగి, లోపలికెళ్ళిపోయాడు.

"దాటింది కదా. టిక్కు కొట్టు" అంది.

త్రినాథ్ టిక్కు కొట్టలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఏదో గీశాడు. గేటు పక్కకి జరిగి ఫోన్ చేశాడు. చిన్న గొంతుతోనే మాట్లాడాడు గాని, యమున చెవులు గేటు దాకా సాగాయి.

"కోచ్, జగన్నాధం గారింటికి బండి కావాల. ఇయాలే."

అంతే. యమున చీపురు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. తుడవడానికి కాదని చూసేవాళ్ళకి తెలుస్తోంది.

"ఎదురింటాయన ముప్పై ఒకటి సెప్తే టిక్కు. మా నాన ముప్పై నాలుగు సెప్తే బండా?"

"అదికాదండీ."

"ఏది కాదు? ఈది ఎందుకు మార్పించుకున్నావు? భావనపాడులో నీ మావ కొడుకు ఏటి వాయిస్తాడు?"

త్రినాథ్ తెల్లబోయాడు. "సన్నాయి. అయితే?"

"ఒప్పుకున్నాడే" అంది తవిటమ్మ అరుగు మీంచి, దొంగ దొరికినంత తృప్తిగా.

"మామ్మా, నువ్వుండు" అన్నాడు త్రినాథ్. "ఏవండీ, నా మాట ఇనండి. అందరికీ ముప్పై సరిపోతాది. గురువుగారికి సరిపోదు. ఆయన ఊపిరి యాభై రెండు."

"యాభై రెండా? అని నీకెవులు సెప్పారు?"

"ఎవరూ సెప్పనేదు. నేనే లెక్కెట్టాను."

"ఎప్పుడు?"

"శనివారాలు. కోవెల్లో. మూడేళ్ళ నుంచి."

యమున చీపురు కిందకి దిగింది గాని అనుమానం దిగలేదు. ఇదింకా వింతగా ఉంది. ఒకడు మూడేళ్ళుగా శనివారం శనివారం వచ్చి ఇంకొకరి ఊపిరి లెక్కపెట్టడమేమిటి?

"ఎందుకు లెక్కెట్టావు?"

త్రినాథ్ తవిటమ్మ వంక చూశాడు. నేల వంక చూశాడు. జెండా కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సెప్పకపోతే నమ్మవు. సెప్తే కొడతావు" అన్నాడు, 'అండీ' మరిచిపోయి.

"సెప్పు. తరవాత సూద్దాం."

"హారతికి ముందు గురువుగారు పెద్ద స్వరం ఒకటి ఎత్తుతారు, ఒక్క ఊపిరిలో. ఆయన ఎత్తగానే నువ్వు కళ్ళు మూసుకుంటావు. ఆపగానే తెరుస్తావు. ఆ మధ్యలోనే కదా నేను..." కొంచెం ఆగాడు. "నిన్ను దొరక్కుండా సూడాలంటే ఎంతసేపు ఉన్నాదో తెలియాల కదా. యాభై రెండు అంకెలు. ఒక్క వారం కూడా తగ్గలేదు. ఆఖరిసారి, లాక్‌డౌన్ ముందు, యాభై మూడు. అలాటి మనిషికి ముప్పై నాలుగంటే లోపలేదో అయిపోతన్నాది యమునా. తరవాత కొట్టు. ముందు పంపించు."

తవిటమ్మ అరుగు మీంచి మెడ చాచి వాడిని కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

యమున చెంపలు వేడెక్కాయి. అయినా నమ్మలేదు. అబద్ధం ఇంత అందంగా కూడా ఆడొచ్చు కదా. చీపురు అక్కడే పడేసి లోపలికెళ్ళింది. గది కిటికీ బార్లా తెరిచి, గూట్లోంచి సన్నాయి తీసి నాన్న చేతికిచ్చింది. శ్రుతి పెట్టె ముందు పెట్టుకుంది.

"ఏటే ఇప్పుడు?" అన్నాడు జగన్నాధం.

"పెద్ద స్వరం ఎత్తు నానా. ఒక్కసారి."

ఆయన ఎత్తాడు. జన్మలో మొదటిసారి యమున కళ్ళు మూసుకోలేదు. నాన్న మెడ నరాలు చూస్తూ లోలోపల లెక్కపెట్టింది. పదిహేను దగ్గర స్వరం వణికింది. పంతొమ్మిది దగ్గర తెగిపోయింది. ఆయన పెదాల చుట్టూ నీలం రంగు కనపడింది. ఇన్నాళ్ళూ ఆయన ఆ గదిలో చీకటి ఉంచింది ఎందుకో అప్పుడర్థమైంది. ఆయన దాచింది ఊరి నుంచి కాదు, తన నుంచి.

పరుగెత్తుకుంటూ గేటు దగ్గరికొచ్చింది.

"బండి ఎంతసేపట్లో వస్తాది?"

"ఈది సివర నించున్నాది" అన్నాడు త్రినాథ్. "నువ్వు సీపురు పడీసినప్పుడే వచ్చీసింది."

క్లబ్బు కుర్రాళ్ళు మ్యాచ్‌లకి ఊళ్ళు తిరిగే పాత వ్యాను అది. సీట్లు పీకేసి మంచమూ, సిలిండరూ పెట్టారు. ధనరాజే నడిపాడు. టెక్కలి ఆసుపత్రిలో డాక్టరు ఊపిరితిత్తుల ఫొటో చూసి, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మాట వేరేగా ఉండేదన్నాడు.

జగన్నాధం పద్నాలుగు రోజులు అక్కడున్నాడు. కోవెలలో భక్తులు లేకపోయినా దేవుడికి పొద్దుటి సన్నాయి ఆగకూడదు కదా. మూడో రోజున భావనపాడు నుంచి త్రినాథ్ మావ కొడుకు దత్తాత్రేయ సన్నాయి పట్టుకుని సైకిల్ మీద దిగాడు.

"సెప్పానా నాను" అంది తవిటమ్మ. మాస్కు కట్టుకుని, కర్ర పట్టుకుని, చూడ్డానికి స్వయంగా వెళ్ళింది.

వెళ్ళిన మనిషి మెల్లగా తిరిగొచ్చింది. యమున గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. ఆ కుర్రాడు జగన్నాధం కూర్చునే మెట్టు తడిగుడ్డతో తుడిచి, దాని మీద ఆయన తుండు మడతపెట్టి, తను ఒక మెట్టు కింద కూర్చుని వాయించాడట.

"మరింకేటి మామ్మా నీ అనుమానం?"

"ఆడి మీద ఏటీ లేదు. ఈడి మీదే ఉన్నాది" అంది తవిటమ్మ, గేటు వైపు గెడ్డం ఎత్తి. "మూడేళ్ళు లెక్కెట్టినోడు మూడు మాటలు సెప్పలేడా? పిరికోడేటే?"

ఆ పద్నాలుగు రోజులూ ఈల మోగింది. కర్ర కొసన సంచీ వచ్చేది, సంచీలో, ఆసుపత్రికి ఫోన్ చేసి త్రినాథ్ రాసిన ఊపిరి లెక్క చీటీ వచ్చేది. ఇయాల పదకొండు. ఇయాల పదిహేడు. ఇయాల ఇరవై నాలుగు, ఇడ్లీ తిన్నారు. అంకెలు తప్ప ఇంకో మాట రాసేవాడు కాదు. యమున ప్రతి చీటీనీ వెనక్కి తిప్పి చూసేది, ఏమైనా రాశాడేమోనని. ఏమీ ఉండేది కాదు. పిరికోడే, అనుకునేది. చీటీ మాత్రం శ్రుతి పెట్టెలో దాచుకునేది.

వానలు వెళ్ళాక, సూదులు అందరూ వేయించుకున్నాక, ఉప్పుమళ్ళ పక్క గ్రౌండులో మళ్ళీ మొదటి మ్యాచ్ పెట్టారు. ఆట మొదలెట్టేముందు సన్నాయి వాయించాలని ధనరాజ్ ఇంటికొచ్చి అడిగాడు. గ్రౌండు అంచున పట్టా పరిచారు. జగన్నాధం కూర్చున్నాడు, పక్కన యమున, వెనక తవిటమ్మ.

త్రినాథ్ గోలు దగ్గర నిలబడ్డాడు. పట్టాకి ఇరవై అడుగులు కూడా లేదు. ఆ వైపు గోలు కావాలని టాసు గెలిచిన కెప్టెన్‌ని బతిమాలాడని భాస్కర్ ఊరంతా చెప్పేశాడు.

జగన్నాధం పెద్ద స్వరం ఎత్తాడు.

యమున కళ్ళు మూసుకుంది. మనసులో పది దాకా లెక్కపెట్టి చటుక్కున తెరిచింది. గోలీ అక్కడే దొరికిపోయాడు. వాడు చూపు తిప్పుకోబోయాడు. ఆమె తిప్పుకోలేదు. వాడూ ఇక తిప్పుకోలేదు.

స్వరం ఆగింది. జగన్నాధం సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, కూతురి వైపు చూడకుండానే గోలు వైపు కేకేశాడు.

"ఒరే గోలీ, ఎంతొచ్చింది?"

త్రినాథ్ గొంతు సవరించుకున్నాడు. "తెలీదు గురువుగారు. ఈసారి లెక్కెట్టనేదు."

"మూడేళ్ళు లెక్కెట్టినోడివి, ఇయాల ఏటైంది?"

యమున గిర్రున మామ్మ వైపు తిరిగింది. తవిటమ్మ ఉప్పుమళ్ళ మీద కొంగలు చూస్తోంది.

"నేను లెక్కెట్టుకున్నాలే" అన్నాడు జగన్నాధం. "నలభై ఆరు. ఇంకా ఆరు తక్కువ, వస్తాదో రాదో. ఆ ఆరూ ఇంటికొచ్చి సూసుకో. గేటు బయట కాదు, లోపలికొచ్చి. కర్రొకటి తేకు."

రిఫరీ ఈల ఊదాడు. బంతి లేచింది. అవతలి జట్టువాడు మధ్య నుంచే కొట్టిన దెబ్బ దొర్లుకుంటూ వచ్చి, త్రినాథ్ కాళ్ళ పక్కనుంచి గోల్లోకి వెళ్ళిపోయింది.

"ఒరే, బంతిని సూడరా బంతిని" అని ధనరాజ్ అరిచాడు.

వాడికి వినపడితే కదా.