అత్తయ్య లెక్క

"అయ్యో, అత్తయ్యా! కదలకండి... ఒక్క క్షణం కదలకండి!"

కోడలి నడుము కలుక్కుమంది! అత్తగారిని పక్కకు తిప్పుదామని దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. దుప్పటి వదిలితే పెద్దావిడ మంచం మీంచి జారిపోతుంది. వదలకపోతే తన ప్రాణం పోయేలా ఉంది! సరిగ్గా అప్పుడే వాకిట్లో జీపు ఆగిన చప్పుడు, వెంటనే భర్త గొంతు... "రండి మేడమ్, రండి! ఇదే మా ఇల్లు!" పళ్ళబిగువున అత్తగారిని దిండుకు ఆనించి, గోడ పట్టుకుని నిటారుగా నిలబడింది. ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. ఏడవడానికి కూడా వేళాపాళా ఉండాలిగా మరి!

అత్తగారికి పక్షవాతం వచ్చి ఆరేళ్ళయింది. కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది, ఒక్క అంకెలు తప్ప! "మంచినీళ్ళు కావాలా అత్తయ్యా?" అంటే నోరు పెగలదు. కానీ మంచం మీంచి లేపేటప్పుడు కోడలు "ఒకటి" అంటే చాలు, తనూ అందుకుని గడగడా పది దాకా అనేస్తుంది. మొదలుపెడితే ఆపడం ఆవిడ చేతుల్లో లేదు. మధ్యలో ఎవరు పిలిచినా, పిడుగు పడినా సరే, పది అయ్యాకే నోరు మూతపడుతుంది. చిన్నప్పుడు కంఠతా పట్టినవి కొందరికి అలా మిగిలిపోతాయని డాక్టరు చెప్పాడు. అత్తాకోడళ్ళకి ఇప్పుడు అవే కబుర్లు. మూడు అనేసరికి ఎత్తాలి, పది అనేసరికి కుర్చీలో కూర్చోబెట్టాలి. ఇలా రోజుకు ఎనిమిది సార్లు!

ఆ నడుము నొప్పి ఇవాళ్టిది కాదు. నెల కిందట నలభై కిలోమీటర్ల అవతల ఉన్న ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు ఎక్స్‌రే చూసి కోప్పడ్డాడు. "మూడు నెలలు చెంబెడు నీళ్ళు కూడా ఎత్తకూడదమ్మా! ఎత్తావో, మీ అత్తగారి పక్కన నీకూ ఒక మంచం వెయ్యాల్సి వస్తుంది!" ఆ మాటే భర్తకు చెప్పింది. ఆయన ఊరికి ప్రెసిడెంటు. "సరే, సర్వే అయిపోనీ, చూద్దాం" అన్నాడు. పట్నంలో ఉన్న ఆడపడుచైతే ఫోనులో కన్నీళ్ళు పెట్టుకుంది. "నువ్వు దేవతవి వదినా!" అంది. దేవత అనేస్తే సాయానికి రానక్కర్లేదు కదా!

ఆ సర్వే సంగతీ చెప్పాలి. మంచాన పడిన పెద్దవాళ్ళు బతకడానికి ఏ పల్లె ఎంత అనుకూలమో చూసి, ఆఫీసువాళ్ళు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తున్నారు. డెబ్బై దాటితే 'పెద్దలకు అనుకూలమైన ఊరు' అని ఊరి మొదట్లో బోర్డు పెడతారు. యాభై లోపు వస్తే బోర్డు ఉండదు, ఒక నర్సునీ ఒక ఆయానీ వేస్తారు. ప్రెసిడెంటుగారికి బోర్డు కావాలి. ఆయన భార్యకు నర్సు కావాలి!

మరి ఇన్నాళ్ళూ నర్సు ఎందుకు రాలేదంటే... ఆ పాపం ఆమెదే. మూడేళ్ళ కిందట సర్వే కాగితం ఇంటికొస్తే, దస్తూరి బాగుంటుందని భర్త ఆమె చేతే నింపించాడు. 'ఊరిలో శిక్షణ పొందిన నర్సు ఉన్నారా?' అని ఒక ప్రశ్న. పెళ్ళికి ముందు ఆమె ఆరు నెలలు నర్సింగు చదివింది. పెళ్ళి కుదరగానే మానేసింది. ఆ మధ్యాహ్నం కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. చివరికి 'ఉన్నారు' అని రాసింది. ఎంత సంతోషపడిందో పిచ్చిది! తనను ఎవరూ నర్సు అనలేదు, తనైనా అనుకుంది. ఆ ఒక్క మాటతో ఊరికి డెబ్బై రెండు వచ్చాయి. ఆ ఏడాది బోర్డులు ఇవ్వలేదు గానీ, మీకు నర్సు అక్కర్లేదని మాత్రం రాసి పంపారు. అప్పటినుంచి వీధి చివరి తాతకు మూత్రం గొట్టం మార్చాలన్నా, టైలరు తల్లికి పుండు కడగాలన్నా, అందరి కాళ్ళూ ఈ గుమ్మం వైపే. తన చేత్తో తనే గడియ పెట్టుకుంది... ఇంకెవరిని తిట్టాలి?

సర్వే ఆవిడ లోపలికి వచ్చింది. అట్ట మీద కాగితాలు, చెవి మీద పెన్ను, మనిషి చూపు మాత్రం చురుకు. "పేషెంటు మంచం దగ్గరే అడగాలండీ, అది మా రూలు" అంటూ కుర్చీ లాక్కుంది.

ఇది కోడలు అనుకోని మాట. వంటింట్లో అడుగుతారనుకుంది. అక్కడైతే చెప్పేసేది. డాక్టరు చీటీ పప్పుల డబ్బా కింద పెట్టి ఉంచింది కూడా! కానీ ఇక్కడ... అత్తయ్య వింటూ ఉండగా "ఇక నా వల్ల కాదు" అని ఎలా అంటుంది? మాట పోయింది గానీ చెవులు పోలేదే! కాపురానికి వచ్చిన కొత్తలో జ్వరం వస్తే తల ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న మనిషి. ఆవిడ ముందు ఆవిడనే బరువు అనడానికి నోరెలా వస్తుంది?

"రోడ్డు?"

"వానల్లో వంతెన దాటి బండి రాదు గానీ, మిగతా రోజుల్లో బ్రహ్మాండం!" అన్నాడు ప్రెసిడెంటు.

"రాత్రిపూట అత్యవసరమైతే?"

"మా ఆవిడ ఉందిగా!"

"పుండ్లకు కట్లు, సూదిమందు?"

"మా ఆవిడ ఉందండీ!"

"ఆవిడకే జ్వరం వస్తే?"

ఆయన నవ్వేశాడు. "ఆరేళ్ళలో ఒక్కరోజు పడుకోలేదు మేడమ్!"

పడుకోనిచ్చిందెవరు! కోడలు తల వంచుకుంది. సర్వే ఆవిడ ఆమె వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఇబ్బందేమైనా ఉందా?"

అత్తగారి కళ్ళు తన మీదే ఉన్నాయి. "ఏం లేదండీ... బాగానే ఉంది" అంది కోడలు.

పెన్ను టిక్కు పెట్టేసింది. అయిపోయింది! ఇంకో మూడేళ్ళు... ఈ గది, ఈ దుప్పటి, ఈ నడుము!

"ఇక చివరి ప్రశ్న పెద్దావిడనే అడగాలి" అంది సర్వే ఆవిడ.

"అమ్మకు మాట రాదండీ. అంకెలు తప్ప ఏమీ అనలేదు" అన్నాడాయన.

"అంకె చాలు సార్." ఆవిడ మంచం మీదికి వంగింది. "పెద్దమ్మా! ఈ ఊళ్ళో మిమ్మల్ని ఎత్తి, తిప్పి, కడిగి చూసుకునేవాళ్ళు ఎంతమంది?"

"ఊరంతా!" అన్నాడు కొడుకు.

పెద్దావిడ పెదవులు వణికాయి. "ఒకటి..."

రెండు వస్తుంది, మూడు వస్తుంది, పది దాకా వస్తుందని కోడలికి తెలుసు. పది మంది అని రాసేసుకుంటారు! కానీ పెద్దావిడ బాగున్న ఎడమ చేతిని పైకి లేపి తన నోటిని తనే గట్టిగా మూసుకుంది! లోపల అంకెలు తన్నుకొస్తున్నాయి. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి... అయినా చెయ్యి తియ్యలేదు. లోలోపల పది అయ్యాక ఆ చెయ్యి తీసి, కోడలి నడుము మీద వేసింది. ఆమె అనుక్షణం గోడకు ఆనించి దాచుకుంటున్న చోటే వేసింది.

"అత్తయ్యా!" అంటూ కోడలు మంచం పక్కన కూలబడి భోరుమంది. అన్నీ తెలుసు ఈ మనిషికి! దుప్పటి పట్టుకున్న ప్రతిసారీ తను పళ్ళు బిగించడం చూస్తూనే ఉంది. చెప్పడానికి మాట లేక ఊరుకుంది.

సర్వే ఆవిడ పెట్టిన టిక్కులు ఒక్కొక్కటే కొట్టేసింది. నలభై మూడు వచ్చాయి. "నర్సు రావడానికి రెండు నెలలు పడుతుందమ్మా. ఈలోగా జాగ్రత్త" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ప్రెసిడెంటుగారు గంటసేపు అరుగు మీదే కూర్చుండిపోయాడు. ఊరి పరువు పోయిందని దారిన పోయే ఇద్దరు ముగ్గురు దెప్పారు కూడా. మధ్యాహ్నం అత్తగారిని లేపే వేళయింది. రెండు నెలలైనా, రెండు రోజులైనా ఎత్తక తప్పదు! కోడలు దుప్పటి అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి వంగింది. అవతల పక్క నీడ పడింది. భర్త! చేతిలో పప్పుల డబ్బా కింది డాక్టరు చీటీ...

"మంచినీళ్ళకని లోపలికెళ్తే కనబడింది. ఎక్కడ పట్టుకోవాలి?" అన్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి!

ఆమె వేలితో చూపించింది. "ఒకటి" అని ఆమె అనేలోపే అత్తగారే అంది. ఈసారి ఆపుకోలేదు, గడగడా సాగిపోయింది. పది అయ్యేసరికి ఆయన రొప్పుతూ గోడకు చేరబడ్డాడు.

"ఇలా రోజుకి ఎన్నిసార్లు?"

"ఎనిమిది" అంది భార్య.

ఆయన తల్లిని చూడలేదు, భార్యను చూడలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మళ్ళీ నాలుగింటికి లేపాలండీ..."

"పిలువు" అన్నాడాయన.