పద్దెనిమిదో కట్టలోని సరిహద్దు

"పదకొండుకి రెండు రాష్ట్రాల కమిటీ కోరాపుట్ రికార్డు రూమ్‌లో పద్దెనిమిదో కట్ట విప్పుతుంది. లోపల ఫోర్జరీ మ్యాప్ ఉంది. ఈలోపే లేపెయ్. కాంటాక్ట్ సుజన, డబుల్ ఏజెంట్. ఆవిడ మాట విను, నమ్మకు."

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

తేజస్‌కి ఆ హెచ్చరిక అక్కర్లేదు. కిందటి నెల ఆమె సమాచారం నమ్మి టికిరి వెళ్లిన ఏజెంట్ తిరిగి రాలేదు.

జిరాక్స్ మెకానిక్ వేషంలో లోపలికి దిగాడు. ఎదురుగా చిలకపచ్చ సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. హిస్టరీ రీసెర్చర్‌గా చెలామణి అవుతున్న సుజన అప్పటికే అక్కడుంది.

"నందపూర్ అల్లం దొరుకుతుందా?" అడిగాడు తేజస్.

"సంతనాడు రండి."

కోడ్ సరిపోయింది. తేజస్ కట్టలోంచి మ్యాప్ బయటికి తీశాడు. తెల్లదొరలు ఈ కొండల్ని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి ఒడిశాలో కలిపిన నాటి సరిహద్దు. ఇందులో ముప్పై ఊళ్లు గీతకు అవతల పడ్డాయి. ఇది అసలుదని తేలితే ఇరుపక్కలా తలకాయలు లేచిపోతాయి. ఈ ఫోర్జరీ చేయించిన, సుజన కూడా పనిచేసే విదేశీ ముఠాకి కావలసిందీ అదే.

"అట్టుకెళ్లిపోకండి," అంది సుజన మెల్లగా. "దీని ఫొటో ఆళ్ల కాడుంది. ఇది మాయమైతే సర్కారే దొంగిలించిందని సెప్తారు. అప్పుడేటి సేస్తారు?"

నిజం కావచ్చు. ఉచ్చూ కావచ్చు. తేజస్ టార్చ్ వేసి సీలు చదివాడు: కోరాపుట్ జిల్లా, ఒరిస్సా ప్రావిన్స్. కింద తేదీ, 1935 డిసెంబర్ 12.

ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడింది 1936 ఏప్రిల్ ఒకటిన.

మ్యాప్‌ని కట్టలోనే పెట్టేశాడు. కమిటీ కళ్లముందే అది నకిలీదని తేలాలి. తన లెక్క తప్పితే ముప్పై ఊళ్ల ఉసురు తనకే తగులుతుంది.

పదకొండు. లైవ్ కెమెరా ఆన్. పరిశీలకుడి ముసుగులో వచ్చిన ముఠా మనిషి చిరునవ్వు నవ్వాడు. కమిటీ చైర్‌పర్సన్ హరిచందన, మ్యాప్ అసలుదేనన్న సర్టిఫికెట్ మీద సంతకానికి పెన్ను తీసింది. పాత దస్తావేజుల నిపుణుడు భావనారాయణ ఇంకా గీతలనే చూస్తున్నాడు. జిరాక్స్ మెషిన్ తుడుస్తూ తేజస్ ఆయన పక్కకి వంగాడు.

"తాతగారూ, తేదీ ఓపాలి సూడండి."

ముసలాయన భూతద్దం జరిపాడు.

"అమ్మా, ఆగండి. ప్రావిన్సు పుట్టకముందే దాని సీలెలా వచ్చేసింది?"

మొదటి అక్షరం దగ్గరే పెన్ను ఆగింది. పరిశీలకుడు తలుపు చేరేసరికి కమిటీ బందోబస్తుకొచ్చిన మఫ్టీ పోలీసులు దారి మూశారు.

బయట సుజన కళ్లద్దాలు తీసింది. "ఆ తేదీ ఏయించింది నానే."

"రుజువు?"

"నేదు. రాయగడ స్టేషన్లో దింపేస్తారా?"

తేజస్ జీపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బాంబుందేమోనని అడుగు భాగమంతా వెతికాడు.

"ఏటీ నేదండి. నానూ ఇందులోనే వస్తన్నాను గదా."

"అందుకే ఒక్కసారే చూస్తున్నాను," అన్నాడు తేజస్.