అంకితంలో రాలిన అక్షరం

ఉదయం తొమ్మిదింటికి ఆమె నిద్రలేచేసరికి ఫోన్‌లో నూట నలభై మెసేజ్‌లున్నాయి. రోజూ రాత్రి పదకొండింటికి టీవీలో వచ్చే రాజకీయ వ్యంగ్య కార్యక్రమానికి ఆమె జోకులు రాస్తుంది. నిన్నటి చివరి జోకు ఊరంతా పాకింది.

కొత్త వంతెన శిలాఫలకం మీద 'ప్రజలకు అంకితం' అని ఉండాల్సిన చోట 'ప్రజలకు అంతం' అని ఉంది. యాంకర్ ఆ ఫోటో చూపించి, "కంకర తిన్నారు, ఇనుము తిన్నారు, ఆఖరికి 'కి' కూడా మింగేశారు. ఇక రాసినవాడు కళ్ళకి గంతలు కట్టుకున్నట్టున్నాడు," అన్నాడు. స్టూడియో అంతా గొల్లున నవ్వింది.

ఆమె వంటింట్లోకి వచ్చింది. అమ్మ గిన్నెల మీద కోపం తీర్చుకుంటోంది. నలభై ఏళ్ళుగా బోర్డులు రాసి బతికిన నాన్న బాల్కనీ గుమ్మంలో కూర్చుని కుంచెలు కడుగుతున్నాడు.

"కాఫీ ఉందా అమ్మా?"

"ఉంది. తాగి ఇంకో జోకు రాసుకో."

"ఏమైంది?"

"కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. ఇకమీదట బోర్డులు మిషన్ మీద చేయించుకుంటాడట, మీ నాన్నని రావద్దన్నాడు. ఆ రాయి మీద రాసిందెవరనుకున్నావ్?"

ఆమె కప్పు వైపు చూస్తూ, "నాకెలా తెలుస్తుంది? ఫోటో ఎవరో పంపారు," అంది.

"వదిలెయ్యవే," అన్నాడు నాన్న భార్యతో. "తప్పు నాది. దాని పని అది చేసింది. కంకర మాట భలే పడింది, నవ్వాను కూడా. ఆ గంతల మాటొక్కటే..." అని ఆగిపోయాడు.

"నవ్వారా? మరి తెల్లవార్లూ దొర్లిందెవరు, పక్కింటాయనా?"

"ఈరోజు షోలో క్షమాపణ చెప్పిస్తాను నాన్నా."

"ఏమని?" అన్నాడు నాన్న. "ఫలానా ముసలాయనని అన్నాం, మన్నించండి అనా? ఇప్పటికి కాంట్రాక్టర్ ఒక్కడికే తెలుసు. నువ్వు క్షమాపణ చెప్పిస్తే ఊరందరికీ తెలుస్తుంది. ఆ పుణ్యం కట్టుకోకు తల్లీ."

తప్పు దిద్దుకునే దారి కూడా లేదు. ఆమె నాన్న పక్కన నేలమీద కూర్చుంది.

"నాన్నా, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఫోటో చూడగానే తెలిసింది. 'జ'కి తోక అలా పైకి మెలేసేది నువ్వే కదా. మీటింగ్ అయిపోవస్తోంది, చివరి జోకు లేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. రాసేశాను. గంతల మాట కూడా నాదే."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్న కడిగిన కుంచెనే మళ్ళీ కడిగాడు.

"గంతలని ఎలా కనిపెట్టావ్?" అన్నాడు చివరికి.

"అంటే?"

"ఆర్నెల్లయింది, చూపు మధ్యలో మసక. రాసిన అక్షరం పక్కనే ఇంకోటి కనపడదు. చెబితే పని పోతుందని మీ అమ్మకి కూడా చెప్పలేదు. నీకు తెలిసిపోయి అన్నావేమో అనుకున్నా."

"నాకు తెలీదు నాన్నా," అంది. ఈసారి అది నిజం. అబద్ధం చెప్పినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ సిగ్గేసింది.

"తండ్రీకూతుళ్ళు సరిపోయారు," అంది అమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తులేదు. లేవండి, ముందు కంటి డాక్టర్ దగ్గరికి పదండి."

బయల్దేరుతుంటే డైరెక్టర్ ఫోన్ చేశాడు. 'అంతం' రెండో భాగం కావాలట.

"ఇంకెవరిచేతైనా రాయించుకోండి సార్. నేను రాయను," అని పెట్టేసింది.

మెట్ల దగ్గర నాన్న గోడ తడుముకుంటూ ఆగాడు. గోడకి అతని చెయ్యి ఆనే ఎత్తున, కింది అంతస్తు దాకా పొడుగ్గా రంగు మరకలు ఉన్నాయి. కొన్ని పాతబడి వెలిసిపోయాయి. ఆర్నెల్లుగా రోజూ ఆ మెట్లే దిగి ఆమె స్టూడియోకి వెళ్తోంది.

గోడ మీది చేతిని తీసి తన భుజం మీద వేసుకుంది.

"మెల్లగా నాన్నా. మెట్టుంది."